బ్యాకప్ టేప్‌పై ఏ ఫార్మాట్‌లో రాయాలి? పదేళ్ల తర్వాత చదవాల్సిన వారి కోసం ఒక వివరణ

2025లో మార్కెట్లోకి వచ్చిన ఎల్‌టీఓ-10 టేప్ డ్రైవ్‌లో ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జ్ పెడితే అది చదవదు. ఎల్‌టీఓ-8 సంగతి చెప్పనే అక్కర్లేదు. పాతికేళ్ల ఎల్‌టీఓ చరిత్రలో కొత్త డ్రైవ్ తనకు ముందు తరాన్ని పూర్తిగా వదిలేయడం ఇదే మొదటిసారి.

కంప్యూటర్ విభాగాల్లో ఉన్నవారికి తప్ప ఇది పెద్ద వార్తగా అనిపించకపోవచ్చు. కానీ బ్యాంకులు, పరిశోధనా సంస్థలు, సినిమా నిర్మాణ సంస్థలు, ప్రభుత్వ శాఖలు తమ డేటాకు ఆఖరి నకలును ఇప్పటికీ టేప్ మీదే ఉంచుతున్నాయి. కొనేటప్పుడు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే. ఎంత పడుతుంది, ఎంత వేగంగా రాస్తుంది. దీన్ని 2035లో ఎవరు, ఏ యంత్రంతో, ఏ సాఫ్ట్‌వేర్‌తో చదువుతారన్న మూడో ప్రశ్న చాలాసార్లు ఎవరికీ తట్టదు. ఫార్మాట్ ఎంపిక అంటే నిజానికి ఆ మూడో ప్రశ్నే.

ఇంకా టేప్ ఎందుకు?

2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయాయి. మొత్తం వాడకందారుల్లో వారు 0.02 శాతమే. గూగుల్ డేటాను ఒకటికి మించిన డేటా సెంటర్లలో నకళ్లుగా ఉంచుతుంది. కానీ లోపం నకళ్లకూ పాకింది. చివరికి ఆ మెయిళ్లను తిరిగి తెచ్చింది టేపుల నుంచే. యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల కూడా తన హాడ్రాన్ కొలైడర్ డేటాను టేపులపైనే దాచుకుంటోంది.

మన దగ్గర 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లు, సుమారు 1.3 టీబీ డేటా దాడికి గురయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాడి చేరని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటాను పునరుద్ధరించారు. అక్కడ ఆదుకున్నది టేప్ కాదు. అయితే దాడి చేసినవారి చేతికి అందని నకలు ఒకటి ఉండటమే ఆదుకుంది. డ్రైవ్‌లోంచి తీసి అల్మారాలో పెట్టిన టేప్‌కు ఆ గుణం పుట్టుకతోనే ఉంది. నెట్‌వర్క్ ద్వారా ఎవరూ దాన్ని తాకలేరు.

చట్టం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం ఖాతా పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. విచారణ నడుస్తుంటే కేంద్రం ఇంకా ఎక్కువ కాలం ఉంచమని ఆదేశించవచ్చు. 2022 ఆగస్టులో సవరించిన నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్‌ను రోజూ తీసి, భారత్‌లో ఉన్న సర్వర్లలో ఉంచాలి. జీఎస్టీ రికార్డులకు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. అంటే 2018లో ఎల్‌టీఓ-8 టేప్‌కు ఎక్కించిన ఖాతాలను 2026లోనూ తెరిచి చూపించగలగాలి. ఈలోగా రెండు తరాల డ్రైవ్‌లు వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రమే ఆ టేప్‌ను చదువుతుంది.

ఒక్క మాటలో మూడు సంగతులు

టేప్ విషయంలో ‘ఫార్మాట్’ అన్న ఒకే మాటను మూడు వేర్వేరు సంగతులకు వాడతారు. గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

ఒక నోటుపుస్తకాన్ని ఊహించుకోండి. కాగితం మీద గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది ఒక సంగతి. ఏ లిపిలో రాశారన్నది రెండోది. ఏ భాషలో రాశారన్నది మూడోది. టేప్‌లో గీతలంటే కార్ట్రిడ్జ్ తరం. తొలి ఎల్‌టీఓలో అర అంగుళం వెడల్పులో 384 ట్రాకులుండేవి, ఎల్‌టీఓ-9లో అదే వెడల్పులో 8,960 ఉన్నాయి. లిపి అంటే కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్, బ్లాక్ సైజు. భాష అంటే ఫైళ్లను వరుసలో పేర్చే పద్ధతి. అది ఎల్‌టీఎఫ్‌ఎస్ కావచ్చు, టార్ కావచ్చు, ఏదో ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సొంత పద్ధతి కావచ్చు.

ఈ మూడూ తెలిస్తేనే టేప్ చదవగలం. రెండు తెలిసి ఒకటి తెలియకపోయినా చేతిలో మిగిలేది ప్లాస్టిక్ డబ్బా.

పోయిన ఫార్మాట్లు

ఐబీఎం తన తొలి మాగ్నెటిక్ టేప్ యూనిట్ 726ను 1952లో ప్రకటించింది. ఆ తర్వాత వచ్చిన ఫార్మాట్ల జాబితా ఒక చిన్న శ్మశానం లాంటిది. 1972లో 3ఎం కంపెనీ తెచ్చిన పావు అంగుళం కార్ట్రిడ్జ్ నుంచి పుట్టిన క్యూఐసీ కుటుంబం, 1984లో డెక్ కంపెనీ తెచ్చి తర్వాత క్వాంటమ్ చేతికి వెళ్లిన డీఎల్‌టీ, 1987లో ఎక్సాబైట్ తెచ్చిన 8 మిల్లీమీటర్ల టేప్, 1989లో సోనీ, హెచ్‌పీ కలిసి పాటల డాట్ క్యాసెట్ నుంచి తయారుచేసిన డీడీఎస్. 1990ల్లో మన దేశంలో యూనిక్స్ సర్వర్ నడిపిన ఆఫీసుల్లో పనిచేసినవారికి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఆ డీడీఎస్ క్యాసెట్లు గుర్తుండే ఉంటాయి. తొలి తరం 1.3 జీబీతో మొదలై, 160 జీబీ దాకా వచ్చి ఆగిపోయింది.

ఇవన్నీ తమ కాలంలో బాగా పనిచేసినవే. సాంకేతికంగా ఓడిపోయినవి కొన్నే, మిగతావాటిని తయారుచేసేవారే లేకుండా పోయారు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

నాసా అనుభవం చూడండి. 1966, 1967లలో లూనార్ ఆర్బిటర్ నౌకలు తీసిన చంద్రుడి చిత్రాల మూల టేపులు దశాబ్దాల తర్వాత కూడా భద్రంగానే ఉన్నాయి. వాటిని చదివే ఆంపెక్స్ ఎఫ్‌ఆర్-900 యంత్రాలే కరవయ్యాయి. ఒక మాజీ నాసా ఉద్యోగిని తన గ్యారేజీలో కొన్ని దాచి ఉంచడం వల్ల, 2008 నుంచి కాలిఫోర్నియాలోని ఏమ్స్ కేంద్రంలో వాటిని బాగుచేసి చిత్రాలను వెలికితీశారు. ఆ పని సాగింది మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ దుకాణంలో!

మనకు దగ్గర్లో ఇదే సమస్యతో బతికేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. షాద్‌నగర్‌లోని దాని భూకేంద్రం 1979లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల డేటాను అందుకోవడం మొదలుపెట్టింది. 1988లో మన సొంత ఐఆర్‌ఎస్-1ఏ వచ్చింది. ఆ రోజుల్లో ఉపగ్రహ డేటాను అధిక సాంద్రత టేపులపై రికార్డు చేసి, వాడకందారులకు కంప్యూటర్లు చదవగల రీళ్లుగా ఇచ్చేవారు. ఒక చెరువు 1980ల్లో ఎంత మేర ఉండేదో ఇవాళ తేల్చాలంటే ఆ డేటా తరం తర్వాత తరం కొత్త మాధ్యమంలోకి మారుతూ వచ్చి ఉండాలి. భద్రపరచడమంటే అల్మారాలో పెట్టి తాళం వేయడం కాదు, ఎప్పటికప్పుడు మరో దానికి ఎక్కిస్తూ ఉండటం.

ఎల్‌టీఓలో ఏ తరం?

ఈరోజు కొత్తగా టేప్ కొనేవారికి ఆచరణలో ఉన్న దారి ఎల్‌టీఓ ఒక్కటే. ఐబీఎం పెద్ద కంప్యూటర్ల కోసం చేసే 3592 వరుస ఇంకా ఉంది. 2023లో వచ్చిన దాని టీఎస్1170 డ్రైవ్ ఒక్కో కార్ట్రిడ్జ్‌పై 50 టీబీ రాస్తుంది. కానీ అది ఒకే కంపెనీ సరుకు, దాని ధరకు తగిన అవసరం ఉన్న సంస్థలు తక్కువ.

ఎల్‌టీఓను హెచ్‌పీ, ఐబీఎం, సీగేట్ కలిసి రూపొందించాయి. సీగేట్ స్థానం తర్వాత క్వాంటమ్‌కు వచ్చింది. 2000లో తొలి తరం 100 జీబీతో మొదలైంది. 2010లో ఎల్‌టీఓ-5 1.5 టీబీ, 2012లో ఎల్‌టీఓ-6 2.5 టీబీ, 2015లో ఎల్‌టీఓ-7 6 టీబీ, 2017లో ఎల్‌టీఓ-8 12 టీబీ, 2021లో ఎల్‌టీఓ-9 18 టీబీ, 2025లో ఎల్‌టీఓ-10 30 టీబీ. అదే ఎల్‌టీఓ-10 డ్రైవ్‌లో వాడే 40 టీబీ కార్ట్రిడ్జ్‌ను కూడా 2025 నవంబరులో ప్రకటించారు.

సామర్థ్యం పెరిగినకొద్దీ వెనక్కి చూసే చూపు తగ్గింది. ఎల్‌టీఓ-7 వరకు నియమం ఉదారంగా ఉండేది. డ్రైవ్ తన తరంతో పాటు ఒక తరం వెనక్కి రాసేది, రెండు తరాలు వెనక్కి చదివేది. ఎల్‌టీఓ-8తో రీడింగ్ హెడ్ సాంకేతికత మారింది. ఆ డ్రైవ్ ఎల్‌టీఓ-7ను చదువుతుంది, రాస్తుంది, ఎల్‌టీఓ-6ను మాత్రం ముట్టుకోదు. ఎల్‌టీఓ-9 కూడా ఒక తరం వెనక్కే. ఎల్‌టీఓ-10 దగ్గర ఆ ఒక్క తరం కూడా పోయింది.

దీనికి మధ్యలో ఒక పిట్టకథ ఉంది. ఫార్మాట్ ఎంపికలోని ప్రమాదం దానిలో తేటగా కనిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎల్‌టీఓ-8 డ్రైవ్‌లు వచ్చినప్పుడు ఒక అదనపు సదుపాయం ఇచ్చారు. కొత్త ఎల్‌టీఓ-7 కార్ట్రిడ్జ్‌ను ఎల్‌టీఓ-8 డ్రైవ్‌లో ప్రత్యేకంగా సిద్ధం చేస్తే దానిపై 6 టీబీకి బదులు 9 టీబీ రాయవచ్చు. దీన్ని టైప్-ఎం లేదా ఎం8 అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే టేపులు తయారుచేసే రెండు కంపెనీలు, ఫుజీఫిల్మ్, సోనీ, పేటెంట్ల మీద కోర్టుల్లో కొట్టుకున్నాయి. ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జ్‌లు దొరకడం కష్టమైంది. 2019 ఆగస్టులో రాజీ కుదిరేదాకా ఎం8 చాలామందికి ఊరటగా కనిపించింది. చవకైన టేప్, సగం ఎక్కువ చోటు!

ఒకసారి ఎం8గా మారిన టేప్ తిరిగి మామూలు ఎల్‌టీఓ-7 కాలేదు. ఎల్‌టీఓ-7 డ్రైవ్ దాన్ని చదవదు. ఎల్‌టీఓ-9 కూడా చదవదు. ప్రపంచంలో దాన్ని చదివేది ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఒక్కటే. పైన చూస్తే అన్నీ ఎల్‌టీఓ-7 కార్ట్రిడ్జ్‌లే, తేడా చెప్పేది బార్‌కోడ్ చివర ఉండే రెండు అక్షరాలే. మీ సంస్థ అల్మారాలో బార్‌కోడ్ చివర ఎం8 అని ఉన్న టేపులుంటే, ఎల్‌టీఓ-8 డ్రైవ్ నడుస్తుండగానే వాటిని వేరేదానికి మార్చుకోవడం మంచిది. మిగతా ఏ పనికన్నా ముందు ఇది.

డబ్బా మీది అంకె

ఎల్‌టీఓ-9 డబ్బా మీద పెద్ద అక్షరాలతో 45 టీబీ అని ఉంటుంది. అసలు పట్టేది 18. మిగతాది ఆశ. డేటాను డ్రైవ్ రెండున్నర రెట్లు కుదించగలదన్న ఊహతో ఆ అంకె వేస్తారు. ఎల్‌టీఓ-5 వరకు ఈ ఊహ రెండు రెట్లే ఉండేది, ఎల్‌టీఓ-6 నుంచి రెండున్నర చేశారు. ఎల్‌టీఓ-10 మీద 75 టీబీ అని ఉంటుంది.

ఖాతాలు, టెక్స్ట్, డేటాబేస్ ఫైళ్లు బాగానే కుదించుకుంటాయి. కానీ ఈరోజు డేటాలో పెద్ద భాగం ముందే కుదించినది. ఫొటోలు, వీడియోలు, జిప్ ఫైళ్లు, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వీటిని డ్రైవ్ ఇంకేమీ పిండలేదు. 40 టీబీ షూటింగ్ ఫుటేజీ ఉన్న నిర్మాత డబ్బా మీది అంకె చూసి ఒక కార్ట్రిడ్జ్ తెచ్చుకుంటే, అతనికి నిజంగా కావలసింది మూడు. రెండో నకలుకు మరో మూడు.

మరో చిన్న తిరకాసు. టేప్ కంపెనీలు టీబీని లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తాయి, విండోస్ 1,024 గుణిజాల్లో లెక్కిస్తుంది. అందుకే 18 టీబీ టేప్ కంప్యూటర్ తెరపై 16.37గా కనిపిస్తుంది. అమ్మినవాడు మోసం చేశాడని దుకాణానికి ఫోన్ చేయనక్కర్లేదు.

ఎల్‌టీఎఫ్‌ఎస్, టార్, సాఫ్ట్‌వేర్ సొంత భాష

కార్ట్రిడ్జ్ తరం మీద అందరూ వాదించుకుంటారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన నిర్ణయం ఇది. దీన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినవారు ఎవరితోనూ చెప్పకుండా తీసుకుంటారు.

ఎల్‌టీఎఫ్‌ఎస్‌ను ఐబీఎం 2010లో ఎల్‌టీఓ-5తో పాటు తెచ్చింది. ఆ తరంలో టేప్‌ను రెండు భాగాలుగా విడగొట్టే వీలు వచ్చింది. ఒక చిన్న భాగంలో ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే సూచిక, పెద్ద భాగంలో ఫైళ్లు. సూచిక ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది, అంటే మనిషి కూడా చదవగలిగే రూపంలో. కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లాగే ఫోల్డర్లు, ఫైళ్లు కనిపిస్తాయి. నిర్దేశం బహిరంగం, 2016లో అది ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అయింది. ఒక కంపెనీ పరికరంతో రాసిన టేప్‌ను మరో కంపెనీ పరికరంతో చదువుకోవచ్చు. సినిమా రంగంలో ఇది స్థిరపడటానికి కారణం ఇదే. షూటింగ్ బృందం నుంచి ఎడిటింగ్‌కు, అక్కడి నుంచి భద్రపరిచే సంస్థకు టేప్ చేతులు మారుతూ ఉంటుంది. అందరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉండదు.

కానీ పెన్‌డ్రైవ్‌లా కనిపించడమే దాని ఇబ్బంది కూడా. లోపల ఉన్నది కిలోమీటరు పొడవున్న పట్టీ. ఒక ఫోల్డర్ తెరిచి బొమ్మలన్నీ చిన్నగా చూపించమంటే డ్రైవ్ టేప్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తిస్తుంది. ఫైలును తొలగిస్తే సూచికలో పేరు పోతుంది గానీ చోటు తిరిగి రాదు, రావాలంటే టేప్ మొత్తం మళ్లీ ఫార్మాట్ చేయాలి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే నత్తనడకే. ఒక కార్ట్రిడ్జ్‌లో పట్టని ఫైలును రెండింటికి పంచి రాసే ఏర్పాటు ప్రమాణంలో లేదు. తాజా సూచిక టేప్‌పైకి చేరకముందే కరెంటు పోతే ఆ సెషన్‌లో రాసినవి కనిపించకపోవచ్చు. సరిచేసే పరికరాలున్నాయి, అయితే అవి పనిచేసినంత సేపూ ఊపిరి బిగబట్టుకోవాల్సిందే. యూపీఎస్ లేని చోట ఎల్‌టీఎఫ్‌ఎస్ వద్దు.

టార్ దీనికి తాతగారు. పేరులోనే టేప్ ఆర్కైవ్ ఉంది. 1979లో యూనిక్స్ ఏడో సంచికతో వచ్చింది. పద్ధతి సాదాసీదా. ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల చీటీ, దానిపై పేరు, పరిమాణం, తేదీ. ఆ వెంటనే ఫైలు. తర్వాత మరో చీటీ, మరో ఫైలు. సూచిక ఉండదు, ఫలానా ఫైలు కావాలంటే మొదటి నుంచి వెతుక్కుంటూ పోవాలి. అందుకే టేప్‌లో ఏమున్నాయో జాబితాను విడిగా దాచుకోవాలి. బదులుగా దొరికేది దీర్ఘాయువు. నలభై ఏళ్ల క్రితంనాటి టార్‌ను ఈరోజు ఏ లైనక్స్ కంప్యూటర్ అయినా విప్పుతుంది. అన్ని పరికరాలూ పోయినా ఓపికున్న ప్రోగ్రామర్ ఒక మధ్యాహ్నంలో దాన్ని చదివే ప్రోగ్రాం రాసుకోగలడు.

టార్‌లోనూ రకాలున్నాయి. పాత రూపంలో ఫైలు పేరుకు 100 బైట్లే చోటు, ఫైలు పరిమాణానికి 8 జీబీ పరిమితి. తెలుగు పేర్లు పెట్టుకునేవారికి ఇది పట్టించుకోవాల్సిన సంగతి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తింటుంది. గుణింతం గుర్తు విడి సంకేతం, వత్తుకైతే పొల్లుతో కలిపి రెండు. అంటే వంద బైట్లలో 33 సంకేతాలు, ఒక పొడవాటి శీర్షిక కూడా పట్టదు. ‘పాక్స్’ అనే కొత్త రూపం ఎంచుకుంటే ఈ రెండు పరిమితులూ ఉండవు. ఇంకో జాగ్రత్త. మొత్తం టార్‌ను జీజిప్‌తో ఒకే ముద్దగా కుదించి టేప్‌పై రాయకండి. మధ్యలో ఒక చోట పాడైతే ఆ తర్వాతది అంతా పోయినట్టే. కుదింపు పని డ్రైవ్‌కే వదిలేయండి.

మూడోది, పెద్ద సంస్థల్లో ఎక్కువగా కనిపించేది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్. రోజువారీ పనికి ఇదే సౌకర్యం. ఏ రోజు ఏ ఫైలు మారిందో, ఏది ఏ టేప్‌లో ఉందో సొంత డేటాబేస్‌లో రాసుకుంటుంది. టేప్ లైబ్రరీలో రోబో చేతిని నడుపుతుంది. నిన్నటి సర్వర్‌ను ఇవాళ నిలబెట్టాలంటే దీనికి సాటి లేదు. ఎనిమిదేళ్ల తర్వాతి ప్రశ్న వేరు. లైసెన్సు అప్పటికి ఉంటుందా? ఆ కంపెనీ ఉంటుందా? ఆ వెర్షన్ నడిచే ఆపరేటింగ్ సిస్టం ఉంటుందా?

ఇది ఊహాజనిత భయం కాదు. విండోస్ ఎన్‌టీ కాలం నుంచి విండోస్ సర్వర్ 2003 వరకు ఎన్‌టీబ్యాకప్ అనే ప్రోగ్రాం ఉచితంగా వచ్చేది. ఎన్నో చిన్న ఆఫీసులు దానితోనే టేపులు రాసుకున్నాయి. 2008 సర్వర్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. బదులుగా ఇచ్చిన కొత్త బ్యాకప్ ప్రోగ్రాంకు టేప్ మీద రాయడమే రాదు. టేప్ బాగుంది, డ్రైవ్ బాగుంది, కానీ ఆ భాష మాట్లాడేవారు లేరు.

కాబట్టి రోజువారీ, వారంవారీ బ్యాకప్‌లకు సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌ను వాడుకోండి, అవి కొన్ని నెలల్లో చెరిగిపోయేవే. ఏడాది చివర తీసే, ఏళ్ల తరబడి ఉంచే నకలును మాత్రం ఎల్‌టీఎఫ్‌ఎస్‌లోనో టార్‌లోనో విడిగా రాయండి. డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాకుండా మామూలు టెక్స్ట్ రూపంలోకి ఎగుమతి చేసి రాస్తే ఇంకా మేలు. టేప్‌ను చదవగలిగినా, దానిలోని ఖాతాల సాఫ్ట్‌వేర్ ఫైలు తెరుచుకోకపోతే ఆడిటర్ ముందు చూపించడానికి ఏమీ ఉండదు.

బ్లాక్ సైజు, తాళంచెవి

టేప్‌పై డేటాను ముక్కలుగా రాస్తారు. ఒక్కో ముక్క ఎంత ఉండాలన్నదే బ్లాక్ సైజు. టార్ మామూలుగా 10 కేబీ ముక్కలు వాడుతుంది. ఈనాటి డ్రైవ్‌లకు అది మరీ చిన్నది కాబట్టి అనుభవజ్ఞులు 256 లేదా 512 కేబీకి పెంచుతారు. మంచిదే. కానీ ఆ అంకె ఎక్కడా రాసిపెట్టరు. తర్వాత వచ్చినవారు చిన్న బ్లాక్‌తో చదవబోతే లైనక్స్ ‘మెమరీ కేటాయించలేం’ అన్న సంబంధం లేని సందేశం ఇస్తుంది. ర్యామ్ పెంచాలేమోనని వారు రెండు రోజులు తిప్పలు పడతారు. ఎల్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ బాధ లేదు, బ్లాక్ సైజును అది టేప్ మీదే నమోదు చేసుకుంటుంది.

ఎన్‌క్రిప్షన్ విషయంలో వెనకాడే రోజులు పోయాయి. 2008లో అమెరికాలో బ్యాంక్ ఆఫ్ న్యూయార్క్ మెలన్‌కు చెందిన బ్యాకప్ టేపులు రవాణాలో పోయాయి. అవి ఎన్‌క్రిప్ట్ చేయనివి. కోటి మందికి పైగా వివరాలు వాటిలో ఉన్నాయి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. ఎల్‌టీఓ-4 నుంచి డ్రైవ్‌లోనే 256 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంది. దాన్నే వాడటం మంచిది, ఎందుకంటే డ్రైవ్ ముందు కుదించి తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో ముందే ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే డ్రైవ్ కుదించలేదు, టేపులు రెట్టింపు కావాలి. కీ పోతే మాత్రం డేటా పోయినట్టే. దాన్ని టేప్ ఉన్న అల్మారాలో పెట్టకూడదు. ఒకే ఉద్యోగి ల్యాప్‌టాప్‌లోనూ పెట్టకూడదు.

అదే చట్టం ఇంకో చిక్కు తెచ్చింది. అవసరం తీరాక, వేరే చట్టం ఉంచమనకపోతే, వ్యక్తిగత డేటాను చెరిపేయాలి. ఎల్‌టీఓ-3 నుంచి ఒకసారి రాస్తే మార్చలేని ‘వార్మ్’ కార్ట్రిడ్జ్‌లు దొరుకుతున్నాయి. ఆడిట్ రికార్డులకు అవి బాగుంటాయి. కానీ కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ నకళ్లు అలాంటి టేప్‌పైకి ఎక్కితే వాటిని విడిగా చెరిపే మార్గం లేదు, కార్ట్రిడ్జ్‌నే ముక్కలు చేయాలి. ఎన్నేళ్లు ఉంచాలో దాన్ని బట్టి డేటాను వేర్వేరు టేపులకు విడగొట్టడం ముందే చేయాల్సిన పని.

వేగం

ఎల్‌టీఓ-9 పూర్తి ఎత్తు డ్రైవ్ సెకనుకు 400 ఎంబీ రాస్తుంది. అంత వేగంతోనూ 18 టీబీ నిండటానికి పన్నెండున్నర గంటలు పడుతుంది. ఎల్‌టీఓ-10 వేగమూ అంతే, 30 టీబీకి దాదాపు 21 గంటలు. రాత్రి ఆఫీసు మూసి ఉదయం తెరిచేలోపు అయిపోదు. పైగా ఎల్‌టీఓ-9 కొత్త కార్ట్రిడ్జ్‌ను మొదటిసారి పెట్టినప్పుడు సర్దుబాటుకు రెండు గంటల వరకు తీసుకోవచ్చు. డ్రైవ్ పాడైందనుకుని మధ్యలో ఆపేయకూడదు.

అసలు ఇబ్బంది డ్రైవ్ వేగం కాదు, దానికి మేత వేయలేకపోవడం. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ ఎంత పరిగెత్తినా సెకనుకు 125 ఎంబీ దాటదు. డేటా అందకపోతే డ్రైవ్ ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి రాస్తుంది. దీనివల్ల టేప్, హెడ్ రెండూ అరుగుతాయి. ముందు సర్వర్‌లోని వేగమైన డిస్క్‌పైకి తెచ్చుకుని అక్కడి నుంచి రాయడమే దీనికి విరుగుడు.

ఎవరికి ఏది?

నన్నడిగితే, ఇప్పటికే ఎల్‌టీఓ-8 టేపులున్న సంస్థ ఎల్‌టీఓ-9కు వెళ్లడం మేలు. ఉన్నవాటిని చదవగలదు, వాటిపై రాయగలదు కూడా. ఎల్‌టీఓ-10 కొనాలనుకుంటే పాత డ్రైవ్‌ను తీసేయకుండా, డేటా మొత్తం మారేదాకా పక్కనే నడపాలి. కొత్త డ్రైవ్ ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశకు లొంగితే టేపులన్నీ ఒక్కరోజులో మూగబోతాయి. పాత టేపులేమీ లేకుండా కొత్తగా మొదలుపెట్టే, ఏటా వందల టీబీ పోగయ్యే సంస్థకు ఎల్‌టీఓ-10 సరైనదే. రెండు మూడు టీబీ దాటని చిన్న ఆఫీసుకు అసలు టేపే అక్కర్లేదు. రెండు హార్డ్ డిస్కులను మార్చి మార్చి వాడుతూ, ఒకదాన్ని ఆఫీసు బయట ఉంచితే సరిపోతుంది.

తయారీదారులు టేప్‌కు 30 ఏళ్ల ఆయుష్షు చెబుతారు. అది 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉన్న గదిలో. విశాఖపట్నంలోనో చెన్నైలోనో ఏసీ రాత్రిపూట ఆపేసే గదికి ఆ లెక్క వర్తించదు. ఎలాగూ టేప్ కంటే ముందు డ్రైవ్ పోతుంది కాబట్టి, ఎనిమిది పదేళ్లకు ఒకసారి కొత్త తరానికి మార్చే ఖర్చును కొన్న రోజే బడ్జెట్‌లో చూపించాలి.

ఏడాదికి ఒకసారైనా ఒక పాత టేప్ తీసి, రాసిన డ్రైవ్‌లో కాకుండా మరో డ్రైవ్‌లో పెట్టి, ఫైళ్లను నిజంగా వెనక్కి తెచ్చి, చెక్‌సమ్‌లతో పోల్చి చూడాలి. హెడ్ కాస్త పక్కకు జరిగిన డ్రైవ్ తాను రాసింది తాను చదువుకుంటుంది, ఇంకోటి చదవలేకపోవచ్చు.

టేప్ డబ్బాలో ఒక కాగితం కూడా పెట్టండి. కార్ట్రిడ్జ్ తరం, అది ఎం8 అవునా కాదా, ఎల్‌టీఎఫ్‌ఎస్ లేదా టార్, బ్లాక్ సైజు, కంప్రెషన్ ఉందా, ఎన్‌క్రిప్షన్ ఉంటే కీ ఎవరి దగ్గర, రాసిన సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, తేదీ. సంతకం చేసిన ఉద్యోగి పేరుతో పాటు హోదా కూడా రాయాలి. పదేళ్ల తర్వాత ఆ మనిషి అక్కడ ఉండకపోవచ్చు, ఆ కుర్చీలో ఎవరో ఒకరు ఉంటారు.